ఊరికి దగ్గరలో, వానలో ఒక రాత్రి



విశాఖపట్నంలో నలుగురు స్నేహితులు కలిసి రెండు రోజులు ఎటైనా వెళ్ళాలంటే డబ్బుకంటే ముందు షిఫ్టులు కుదరాలి. ఉక్కు కర్మాగారంలో పనిచేసే వాడికి ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. వాడి వీక్లీ ఆఫ్ ఏ బుధవారమో పడుతుంది. పోర్టులో పనిచేసేవాడు బెర్తు మీదికి ఓడ వచ్చిందంటే కదల్లేడు. బడిపంతులికి ఆదివారం తప్ప వీలు లేదు. గాజువాకలో కొట్టు ఉన్నవాడికి ఆదివారమే బేరం. ఎవరో సెలవు మార్చుకుని, ఎవరో తమ్ముణ్ణి కొట్లో కూర్చోబెట్టి, చివరికి ఒక శని ఆదివారాలు కలిసొస్తాయి. అప్పుడు వాన మొదలవుతుంది. "వద్దులేరా, మళ్ళీ చూద్దాం" అంటారు. ఆ మళ్ళీ చాలామందికి రాదు. పిల్లలు పెద్దవాళ్ళవుతారు, మోకాళ్ళు అరుగుతాయి, ఎవరికో బదిలీ అవుతుంది.

వాన పడుతున్నా వెళ్ళమని చెప్పడానికే ఈరోజు మీ ముందుకు వచ్చాను. దూరం అక్కర్లేదు. మన ఊరికి గంటన్నర, రెండు గంటల ప్రయాణంలో ఒక రాత్రి ఆరుబయట గడిపి రండి. ఎందుకు వెళ్ళాలో చెబుతాను. ఎలా వెళితే క్షేమమో అది కూడా చెబుతాను, ఎందుకంటే వానాకాలపు కొండ విషయంలో ఆ రెండూ విడదీసి చెప్పకూడదు.

మొదట చోటు సంగతి. గుడారం, మంట, స్నేహితులు అనగానే మన కుర్రాళ్ళకు లంబసింగి గుర్తొస్తుంది. అది డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కోసం వెళ్ళే చోటు. అరకు బాగానే ఉంటుంది గానీ, వాన రాత్రి ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి నడపమని నేనెవరికీ చెప్పను. కంబాలకొండ ఊళ్ళోనే ఉంది. అభయారణ్యంగా ప్రకటించిన అడవి, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. తొలకరి పడ్డాక జాతీయ రహదారి మీద నుంచి ఆ కొండను చూస్తే కళ్ళు చల్లబడతాయి. కానీ అభయారణ్యంలో మనకు నచ్చిన చోట గుడారం వేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే న్యాయం. అక్కడ చిరుతలున్నాయి, అది వాటి ఇల్లు. అటవీ శాఖ అనుమతించిన దారుల్లో, అనుమతించిన వేళల్లో చూసి వచ్చేయాలి. ఇక యారాడ, భీమిలి ఒడ్డున వానాకాలపు గాలికి గుడారం నిలవదు.

అలా షిఫ్టులు కుదుర్చుకున్న నా స్నేహితులతో కలిసి నేను తాటిపూడి వెళ్ళాను. పెందుర్తి, కొత్తవలస, లక్కవరపుకోట, శృంగవరపుకోట మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో, అనంతగిరి కొండల పాదాల దగ్గర, గోస్తనీ నది మీద 1963, 1968 సంవత్సరాల మధ్య కట్టిన జలాశయం అది. చుట్టుపక్కల పొలాలకు సాగునీరు ఇస్తుంది. విశాఖపట్నానికి తాగునీరూ ఇస్తుంది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నెల కూడా చూసుకోవాలి. విశాఖపట్నంలో అన్నిటికన్నా ఎక్కువ వాన కురిసే నెల అక్టోబరు. జూన్‌లో వచ్చే నైరుతి కన్నా, అక్టోబరులో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల భయమే మనకు ఎక్కువ. హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ రోజు కొండల మీద పచ్చదనమంతా ఎండుపుల్లలైపోయింది. అందుకని ఆరుబయట రాత్రికి జూలై, ఆగస్టు నెలలే మంచివి. అప్పటి వాన కురుస్తుంది, తెరిపిస్తుంది, మళ్ళీ కురుస్తుంది. మనిషిని కాసేపు ఊపిరి తీసుకోనిస్తుంది.

బయల్దేరే ముందు రోజూ, బయల్దేరే పొద్దునా వాతావరణ సూచన వినండి. మన ఊళ్ళోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. వాళ్ళు చెప్పే మాటలకు లెక్క ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి పడితే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ. 204.4 దాటితే అత్యంత భారీ. ఆ మిల్లీమీటర్లు చెవికి చిన్నగా వినిపిస్తాయి. లెక్క వేసి చూడండి. చదరపు మీటరు నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అదే 65 మిల్లీమీటర్లు ఒక్క చదరపు కిలోమీటరు కొండ మీద పడితే ఆరున్నర కోట్ల లీటర్లు. కొంత నేల తాగుతుంది, మిగిలినదంతా ఏ గెడ్డలోకో, అంటే కొండవాగులోకో, దిగాలి. అందుకే "భారీ" అన్న మాట సూచనలో వినిపిస్తే కొండ దగ్గరికి వెళ్ళకండి. షిఫ్టు మార్చుకున్న కష్టం వృథా అయినా సరే. ఓ మోస్తరు వాన అన్నప్పుడే వెళ్ళండి.

శృంగవరపుకోట చేరేసరికి కొండలు మబ్బులో సగం మునిగి ఉన్నాయి. దారిలో ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండి ఒకటి దిగుతూ కనిపించింది. బైలదిల్లా గనుల ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండోల్ లైను అది. మా పోర్టు మిత్రుడు బండి ఆపించి, ఆ వ్యాగన్లన్నీ వెళ్ళేదాకా వానలో నిలబడి చూశాడు. రోజూ ఆ ఖనిజపు ఎర్రధూళి మధ్య పనిచేసే మనిషి, అది కొండ దిగి వస్తుంటే చూడటం అతనికి అదే మొదలట. వానాకాలంలో చరియలు విరిగి ఆ పట్టాల మీద పడటం మామూలే. పెట్రోలింగు చేసే గ్యాంగ్‌మెన్లు రాత్రంతా లాంతరు పట్టుకుని ఆ లైను వెంట నడుస్తారు. మనం సరదాకి తడుస్తాం, వాళ్ళు పనికోసం తడుస్తారు. వాళ్ళకు మన నమస్కారం అందాలి.

తాటిపూడి దగ్గర ఒక రైతుకు జీడితోట ఉంది. తెలిసినవాళ్ళ ద్వారా ముందే మాట్లాడి, ఆయన ఒప్పుకున్నాకే వెళ్ళాం. పరాయి పొలంలో చెప్పకుండా గుడారం వేయడం తప్పు. వానాకాలంలో అయితే ప్రమాదం కూడా, ఎందుకంటే ఆ నేల సంగతి ఆ రైతుకే తెలుస్తుంది. తోట కింద ఒక గెడ్డ పారుతోంది. పక్కనే తెల్లటి ఇసుక మేట. మోకాలి లోతు లేని తేట నీళ్ళు, అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. మా పంతులు మిత్రుడికి ఆ చోటు నచ్చేసింది.

"తాతా, ఇసక మెత్తగా ఉంది కదా, ఇక్కడ వేసుకోమంటావా?" అని అడిగాడు.

ఆయన మాట్లాడకుండా మమ్మల్ని గెడ్డ పక్కన తుప్పల దగ్గరికి తీసుకెళ్ళి, కొమ్మలు చూపించాడు. మా తల కన్నా ఎత్తున, కొమ్మల సందుల్లో ఎండుగడ్డి, పుల్లలు, ఒక చిరిగిన గోనె పీలిక చిక్కుకుని ఉన్నాయి. గాలికి ఎగిరి చిక్కుకున్నవి కావవి. అన్నీ ఒకే వైపుకు, నీరు పారే వైపుకు వాలి ఉన్నాయి.

"కిందటేడు నీరు ఇక్కడి దాకా వచ్చింది బాబూ. ఈ గెడ్డని నమ్మకండి. ఇక్కడ ఎండ కాస్తున్నా అనంతగిరి మీద వాన పడితే నీరొచ్చెస్తాది. పైకి ఎల్లి ఎయ్యండి" అన్నాడు.

అంటూనే ఒక పుల్ల విరిచి నీటి అంచున ఇసుకలో గుచ్చాడు. మేము పైమెట్టు మీద బరకం కట్టుకుని, గుడారం మేకులు దిగ్గొట్టి, అన్నం వండుకుని మళ్ళీ దిగి చూసేసరికి ఆ పుల్ల కొస మాత్రం కనిపిస్తోంది. మా మీద అప్పటికి జల్లు తప్ప పడలేదు. నీళ్ళ రంగు కూడా మారింది. మేము వచ్చినప్పుడు తేటగా ఉన్నది టీ రంగుకు, తరువాత ఇటుక రంగుకు తిరిగింది. ఆకులు, చితుకులు కొట్టుకొస్తున్నాయి. గలగలమన్న చప్పుడు పోయి, రాళ్ళు దొర్లుతున్న బరువైన హోరు వచ్చింది. చీకటి పడ్డాక టార్చి వేస్తే ఇసుక మేట లేదు. మధ్యాహ్నం మా పంతులు గుడారం వేద్దామన్న చోట ఎర్రనీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

ఇది మీకు భయం పెట్టడానికి చెప్పడం లేదు. గెడ్డకు భాష ఉంది, అది ముందే చెబుతుంది. రంగు మారడం, చెత్త రావడం, హోరు పెరగడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా నీళ్ళలోంచి ఎత్తు మీదికి ఎక్కేయాలి. చెప్పులు, ఫోను, సంచి ఏది మరిచిపోయినా వెనక్కి దిగకూడదు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి అడవిలో జలతరంగిణి జలపాతం దగ్గరికి ఏలూరు నుంచి వైద్య విద్యార్థులు విహారానికి వచ్చారు. ఉన్నట్టుండి వాన ముదిరి నీరు పెరిగింది. ముగ్గురు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రేపు డాక్టర్లు కావలసినవాళ్ళు. ఆ వార్త చదివిన రోజు నుంచీ, ఎక్కడ నలుగురు కుర్రాళ్ళు కొండకు వెళ్తున్నామన్నా నేను ముందు గెడ్డ సంగతే చెబుతున్నాను. మన బడుల్లో పిల్లలకు నదుల పేర్లు, అవి పుట్టే చోట్లు నేర్పుతున్నాం. నీరు పెరుగుతున్నప్పుడు ఎలా కనిపిస్తుందో కూడా ఒక పాఠంగా నేర్పాలి.

ఇక ఆ రాత్రి గురించి.

వాన ఎనిమిది గంటలకు పట్టుకుంది. బరకం మీద పడే వాన చప్పుడు ఇంటి డాబా కింద కూర్చుని వినే చప్పుడు లాంటిది కాదు. చిన్న చినుకు, పెద్ద చినుకు, జీడికొమ్మ మీద ఆగి రాలే చినుకు, దేని చప్పుడు దానిదే. గాలి తిరిగిందంటే చెవికి ముందే తెలిసిపోతుంది. బరకాన్ని ఒకవైపు వాలుగా కట్టాం గనుక నీరు నిలవకుండా జారిపోయింది. రైతునడిగి గుడారం చుట్టూ జానెడు గాడి తీశాం, అది పారుతూనే ఉంది. పెద్ద చెట్టు కింద వేయలేదు, తడిసిన కొమ్మ ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. ఒక్కొక్కరం ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఏమైనా సరే పడుకునేటప్పుడే విప్పాలని ఒట్టు పెట్టుకున్నాం. ఎంత తడిసినా, రాత్రి పొడిబట్టలు కట్టుకుంటే ఒంటికి వెచ్చదనం వస్తుంది.

మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టాం. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్ఫై దాకా లెక్కపెట్టకుండానే ఉరిమితే పిడుగు మన దగ్గర పడగలదు. అందుకే బండిని తోట గట్టు మీదే ఉంచాం, అవసరమైతే తలుపులు వేసుకుని అందులో కూర్చోవచ్చని. ఆ అవసరం రాలేదు. ఫోనులో 'దామిని' అనే యాప్ వేసుకుంటే దగ్గర్లో పిడుగులు పడే సూచన వస్తుంది. అది ఉచితం, తెలుగువాళ్ళందరి ఫోనుల్లో ఉండవలసినది.

చలిగా ఉందని గుడారం లోపల బొగ్గులు పెట్టుకునేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి. వానకు కలుగుల్లో నీరు చేరి పాములు బయటికి వస్తాయి. నేల మీద పడుకున్నవాళ్ళను కరిచేది ఎక్కువగా కట్లపాము. కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. అనుమానం వచ్చినా మంత్రం, కోత, కట్టు ఏదీ వద్దు. 108కి ఫోను చేసి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి.

వంట సంగతి క్లుప్తంగా చెబుతాను. అన్నం, పప్పు, ఎండు నెత్తళ్ళు, చివర్లో మాడుగుల హల్వా. ఆ హల్వా తెచ్చింది గాజువాక మిత్రుడు. తడికట్టెలతో కుస్తీ పట్టకుండా చిన్న గ్యాసు పొయ్యి తీసుకెళ్ళడం మంచిది. అడవిలో కట్టెలు కొట్టే పని ఉండదు.

తిన్నాక మాటలు మొదలయ్యాయి. మా ఉక్కు మిత్రుడు బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేస్తాడు. మన కర్మాగారంలో ఆ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. "నిప్పుకి నదుల పేర్లేంటిరా" అని పంతులు అడిగితే, వాడు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "నీరు లేకపోతే కొలిమి ఉండదురా. లోపల ఇనుము కరిగి పారాలంటే, దాని గోడలు కాలిపోకుండా చుట్టూ నీళ్ళు తిరుగుతూనే ఉండాలి. ఒక్క పూట ఆగినా ఇంక అంతే." ఆ నీరు ఏలేరు జలాశయం నుంచి కాలువ పట్టుకుని మన జిల్లాలు దాటి కణితి రిజర్వాయరుకు వస్తుంది. ఇన్నేళ్ళ స్నేహంలో వాడు పని గురించి అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. ఊళ్ళో కలిస్తే జీతాలు, పిల్లల చదువులు, ఫ్లాటు వాయిదాలు. ఆ రాత్రి ఫోనులో సిగ్నలు లేదు, ఎక్కడికీ పోయేది లేదు, వాన ఆగే దాకా కూర్చోవడమే. స్నేహితుల మధ్య చెప్పకుండా మిగిలిపోయిన మాటలు అలాంటప్పుడే బయటికి వస్తాయి. వెన్నెల రాత్రి మనిషి పాటలు పాడతాడు, తిరుగుతాడు. వాన రాత్రి నలుగురూ ఒకే బరకం కింద మోకాళ్ళు ఆనించుకుని కూర్చోక తప్పదు. నాకు వానే మేలనిపిస్తుంది.

మా ఎదుట హోరుమంటున్న గెడ్డ కలిసే నది సంగతి ఒకసారి ఆలోచించండి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల్లోంచి వస్తుంది. వాన గాలిలోనూ, ఆకులు కుళ్ళిన మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ నీరే సున్నపురాయిని యుగాల తరబడి కరిగించి గుహలు తొలిచింది, బొట్టు బొట్టుగా రాలి రాతి స్తంభాలు పోసింది. ఆ గుహల పైనుంచే కిరండోల్ రైలు పోతుంది. అక్కడి నుంచి నది కొండ దిగి, చుట్టుపక్కల గెడ్డలన్నిటినీ కలుపుకుని తాటిపూడిలో నిలుస్తుంది. అక్కడి నుంచి కొంత పొలాలకు, కొంత మన కుళాయిలకు. మిగిలినది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం సుమారు 120 కిలోమీటర్ల నది. మన ఊళ్ళో వేసవి వస్తే నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని వరుసలో నిలబడతాం. ఆ నీటికి మూలమైన వాన పడే రోజున మాత్రం కిటికీలు మూసుకుని పాడు వాన అంటాం. ఆ వాన కింద ఒక రాత్రి కూర్చున్నవాడు మళ్ళీ ఆ మాట అనలేడు. మిమ్మల్ని వెళ్ళమనడానికి నాకున్న అసలు కారణం ఇదే.

తెల్లవారేసరికి వాన తెరిపిచ్చింది. తీతువు అరుస్తూ గట్టు మీద తిరుగుతోంది. జలాశయం ఒక పక్క ఎర్రగా, ఒక పక్క బూడిదరంగుగా రెండు నీళ్ళు కలవనట్టు కనిపించింది, గెడ్డలు తెచ్చిన మట్టి ఇంకా దిగలేదు. కింద మడుల్లో ఉభాలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు వీపు మీద గిడుగులు వేసుకుని, వరుసగా వంగి నాట్లు వేస్తున్నారు. రైతు ఇంటి నుంచి చోడి అంబలి వచ్చింది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తోట వాడుకున్నందుకు మనం ఏదో ఒకటి ముట్టజెప్పాలి గనుక, వాళ్ళ మనవడి బడికి నోటు పుస్తకాలు పంపాం.

ఆ మడుల పక్కన ఒక చోట పగిలిన బీరుసీసాలు చూశాను. మాకన్నా ముందు ఎవరో వచ్చి పోయారు. మోకాళ్ళ లోతు బురదలో ఒట్టికాళ్ళతో దిగే ఆ ఆడవాళ్ళకు గాజుపెంకు కనిపించదు. కాలు తెగితే వారం కూలి పోతుంది. ఇది సరదా కాదు, పాపం. మందు తాగేందుకే అయితే అంత దూరం వెళ్ళనక్కర్లేదు. తాగిన మనిషి వాన రాత్రి గెడ్డ పక్కన ఉండటం తనకూ, తనను కాపాడబోయిన వాడికీ ప్రమాదం. మేము మా చెత్తతో పాటు దొరికినంతవరకు ఆ పెంకులు కూడా గోనెసంచిలో ఏరి ఊరికి తెచ్చాం. సబ్బు కూడా గెడ్డలో వాడలేదు. ఆ నీరు మన ఇళ్ళకే వస్తుంది, ఆ నీటిలో మనం కలిపింది మన పిల్లలే తాగాలి.

జూలై, ఆగస్టు నెలల్లో షిఫ్టులు చూసుకోండి. సూచనలో "భారీ" లేని శనివారం ఒకటి ఎంచుకోండి. ఏ ఊరి పక్కన, ఎవరి తోటలో ఉంటారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళండి, కొండ కింద ఫోను పలకకపోవచ్చు. ఆపద వస్తే 112. చీకటి పడకముందే చేరండి, ఆ ఊరి పెద్దవాళ్ళను అడిగి ఎత్తైన చోట గుడారం వేయండి. పారుతున్న గెడ్డను నడిచి గానీ, బండి మీద గానీ దాటకండి. నీరు తీసేదాకా ఇవతలే ఉండండి, ఒక పూట ఆలస్యమైతే డ్యూటీలో సర్దుకుంటారు.